ఎండ ప్రాంతమని ఇంజన్‌లో చిక్కటి ఆయిల్ పోయవచ్చునా?

ప్రశ్న: 2017 నాటి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కారును నిరుడు విశాఖపట్నంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజన్, 230 హార్స్‌పవర్. జీడిపప్పు వ్యాపారం పనిమీద వారానికి ఒకటి రెండు సార్లు శ్రీకాకుళం, విశాఖ వెళ్లి వస్తాను. మిగతా రోజుల్లో బండి పలాస, కాశీబుగ్గల మధ్యనే తిరుగుతుంది. ఇప్పుడు ఆయిల్ మార్చాలి. మనది ఎండ ప్రాంతం కనుక 20డబ్ల్యూ-50 పోయించమని మా మెకానిక్ అంటున్నారు. స్పోర్ట్స్ కారుకు 10డబ్ల్యూ-60 రేసింగ్ ఆయిలే సరైనదని శ్రీకాకుళంలోని ఆయిల్ దుకాణం వారు చెబుతున్నారు. మా బావమరిదేమో 0డబ్ల్యూ-20 పోస్తే మైలేజీ పెరుగుతుందంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి? మున్ముందు ఇంజన్‌ను రీమ్యాప్ (బలం పెంచేందుకు ఇంజన్ కంప్యూటరులోని లెక్కలను మార్చడం) చేయించాలనుకుంటున్నాను, అప్పుడు ఆయిల్ కూడా మారుతుందా?
— ఒక పాఠకుడు, పలాస, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: ముగ్గురూ మీ మేలు కోరినవారే గాని, ముగ్గురు చెప్పిన ఆయిళ్లలో ఏదీ మీ కారుకు తగినది కాదు. స్కోడా సంస్థ ఫోక్స్‌వాగన్ సమూహానికి చెందినది, మీ కారులోని ఇంజన్ కూడా ఆ సమూహం తయారుచేసినదే. కాబట్టి మీరు డబ్బా మీద మొదట వెతకవలసింది ఫోక్స్‌వాగన్ 502 00 లేదా 504 00 అనే ఆమోదాన్ని. ఆ ఆమోదం ఉన్న 5డబ్ల్యూ-40 ఆయిల్‌ను, మీరు నడిపే తీరుకు, 7,500 కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందు వస్తే అప్పుడు, ఫిల్టరుతో సహా మార్పించమని నా సలహా. కారుతో వచ్చిన యజమాని పుస్తకంలో ఈ ఆమోదాల సంఖ్యలు ఉంటాయి. పాత యజమాని ఆ పుస్తకం ఇచ్చి ఉంటే ఒకసారి సరిచూసుకోండి, ఇవ్వకపోతే అధీకృత సర్వీసు కేంద్రంలో కారు ఛాసిస్ నంబరు చెప్పి అడగండి. ఇంతటితో మీ ప్రశ్నకు జవాబు పూర్తయినట్టే. అయితే ముగ్గురు మూడు రకాలుగా చెబుతున్నప్పుడు కారణాలు తెలియకుండా నాలుగో మాటను నమ్మమనడం న్యాయం కాదు గనుక వాటిని కూడా వివరిస్తాను.

ముందుగా మీ మెకానిక్ గారి మాటను తీసుకుందాం, ఎందుకంటే మన ప్రాంతంలో దాదాపు ప్రతి షెడ్డులోనూ వినిపించే మాట అదే, పైగా అది ఊరికే పుట్టినది కాదు. పూర్వపు విజయనగరం జిల్లాలోని సాలూరు లారీ షెడ్లలోనో, అంబాసిడర్ కార్లు మరమ్మతు చేసిన పాత షెడ్లలోనో పని నేర్చుకున్న తరానికి 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 ఆయిళ్లు అనుభవం ఇచ్చిన పాఠాలు. ఆ ఇంజన్లలో బేరింగుల సందులు పెద్దవి, ఆనాటి ఖనిజ ఆయిల్ వేడికి త్వరగా పలచబడిపోయేది, అరిగిన రింగుల పక్కనుంచి పైకి ఎక్కి పొగ అయ్యేది. చిక్కటి ఆయిల్ పోస్తే చప్పుడు తగ్గేది, పొగ తగ్గేది, ప్రెషర్ ముల్లు పైకి లేచేది. ఆ ఇంజన్లకు ఆ వైద్యం సరైనదే. మీ కారు ఆ కోవలోది కాదు.

ఇక ఎండ సంగతి. ఇక్కడే అసలు పొరపాటు ఉంది. బయట వైశాఖ మాసపు ఎండ కాసినా, మాఘ మాసపు మంచు కురిసినా, థర్మోస్టాట్ ఉన్న ఇంజన్ తన నీటి వేడిని తానే అదుపు చేసుకుంటుంది. దారిలో పడిన తరువాత ఆయిల్ ఉష్ణోగ్రత సాధారణంగా 90 నుంచి 110 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలబడుతుంది. టెక్కలి దగ్గర మే నెల మధ్యాహ్నం చూసినా, జనవరి తెల్లవారుజామున చూసినా ఆ అంకెలో వచ్చే తేడా కొద్ది డిగ్రీలే. మీ కారు మీటర్ల మధ్యనున్న తెరలో ఆయిల్ ఉష్ణోగ్రతను చూసే సౌకర్యం ఉంది. పలాస నుంచి శ్రీకాకుళం వెళ్లేటప్పుడు ఒకసారి దాన్ని పెట్టుకుని గమనించండి, నా మాట రుజువవుతుంది. ఆ తెరలో మరో సంగతి కూడా కనబడుతుంది. నీటి ముల్లు మధ్యకు వచ్చి నిలిచిన తరువాత కూడా ఆయిల్ చాలాసేపు చల్లగానే ఉంటుంది. అది కనీసం 80 డిగ్రీలకు చేరేదాకా యాక్సిలరేటరును గట్టిగా తొక్కకపోవడం ఏ ఖరీదైన ఆయిల్‌కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

బయటి వాతావరణం లెక్కలోకి వచ్చేది స్టార్ట్ చేసే క్షణంలోనూ, ఆ తరువాతి కొద్ది నిమిషాల్లోనూ మాత్రమే. మనకు మండుటెండ అనిపించే 40 డిగ్రీలు కూడా ఇంజన్‌కు చలి కిందే లెక్క. ఒక మామూలు 5డబ్ల్యూ-40 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఉన్నదానికంటే 40 డిగ్రీల దగ్గర సుమారు ఆరు రెట్లు చిక్కగా ఉంటుంది. అదే 40 డిగ్రీల దగ్గర 20డబ్ల్యూ-50 దానికి దాదాపు రెట్టింపు చిక్కగా ఉంటుంది. అంటే ఉదయం మీరు బండి తీసిన ప్రతిసారీ ఆయిల్ కావలసినదానికన్నా పలచగా ఉండే ప్రమాదం లేదు, చిక్కగా ఉండే ప్రమాదమే ఉంది. ఎండ ప్రాంతం కాబట్టి చిక్కనిది అన్న వాదన ఇక్కడ నిలబడదు.

డబ్బా మీది రెండు అంకెలకు అర్థం తెలిస్తే ఈ విషయం ఇంకా తేట అవుతుంది. ఎస్‌ఏఈ అనే అమెరికా ఇంజనీర్ల సంఘం రూపొందించిన జె300 ప్రమాణం ప్రకారం ‘డబ్ల్యూ’కు ముందున్న అంకె చలిలో ఆయిల్ ప్రవర్తనను చెబుతుంది. ఉద్దానంలో మరాడించిన కొబ్బరినూనె సీసాను పుష్యమాసంలో అరకు తీసుకువెళితే తెల్లారేసరికి గడ్డకట్టినట్టే, చలి ముదిరేకొద్దీ ఇంజన్ ఆయిల్ కూడా కదలడానికి మొరాయిస్తుంది. 5డబ్ల్యూ ఆయిల్‌ను సున్నాకు 30 డిగ్రీల దిగువన, 0డబ్ల్యూను 35 డిగ్రీల దిగువన, 10డబ్ల్యూను 25 డిగ్రీల దిగువన ఇంజన్ తిప్పగలదా అని పరీక్షిస్తారు. మన జిల్లాలో అంతటి చలి కలలో కూడా రాదు కనుక 0డబ్ల్యూ, 5డబ్ల్యూల మధ్య తేడా గురించి మీరు తల బద్దలు కొట్టుకోనవసరం లేదు. రెండో అంకె 100 డిగ్రీల దగ్గర ఉండే చిక్కదనపు పరిధి. దీన్ని సెంటీస్టోక్స్ అనే కొలతలో చెబుతారు. 30 అంటే 9.3 నుంచి 12.5 లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు, 60 అంటే 21.9 నుంచి 26.1 లోపు.

అయితే శక్తిమంతమైన టర్బో ఇంజన్‌కు ఈ రెండు అంకెలూ చాలవు. అసలు విషయం డబ్బా ముందు వైపున అచ్చువేయని మూడో అంకెలో ఉంది. క్రాంక్ షాఫ్ట్ బేరింగులో గాని, కామ్ మీద గాని ఆయిల్ పొర వెంట్రుకకన్నా సన్నగా ఉంటుంది. అక్కడ దాని మీద పడే ఒత్తిడి, నలుగుడు మామూలువి కావు, వేడి కూడా ఆయిల్ ట్రేలో కంటే చాలా ఎక్కువ. అందుకే 150 డిగ్రీల వేడిలో, అతివేగంగా నలుగుతున్నప్పుడు ఆయిల్‌లో ఎంత చిక్కదనం మిగులుతుందో విడిగా కొలుస్తారు. దీన్నే ఇంజనీర్లు ‘హెచ్‌టీహెచ్‌ఎస్’ అంటారు. జె300 ప్రకారం 20 గ్రేడుకు ఇది కనీసం 2.6 మిల్లీపాస్కల్ సెకండ్లు, 30 గ్రేడుకు 2.9, 5డబ్ల్యూ-40కి 3.5, 50, 60 గ్రేడులకు 3.7 ఉండాలి.

ఇప్పుడు ఒక చిత్రమైన సంగతి చూడండి. ఫోక్స్‌వాగన్ 502 00, 504 00 ఆమోదాలు రెండింటికీ ఈ మూడో అంకె కనీసం 3.5 ఉండి తీరాలి. 504 00 ఆమోదం పొందిన ఆయిళ్లు సాధారణంగా 5డబ్ల్యూ-30 గ్రేడులోనే వస్తాయి. అంటే ఆ 5డబ్ల్యూ-30, నలుగుడు దగ్గర, 5డబ్ల్యూ-40కి కావలసిన కనీస బలంతో సమానంగా నిలుస్తుంది. అదే దుకాణంలో, అదే అలమారలో, జపాన్ కొరియా కార్ల కోసం పెట్టిన మరో 5డబ్ల్యూ-30 డబ్బా ఉంటుంది. మైలేజీని దృష్టిలో పెట్టుకుని చేసిన ఆ ఆయిల్‌లో ఈ అంకె 3కు అటూ ఇటూగా మాత్రమే ఉండవచ్చు. రెండు డబ్బాల మీదా గ్రేడు ఒక్కటే, రెండూ మంచి ఆయిళ్లే, ఎవరి కారుకు వారివి. కాని మీ కారులో రెండోది పోస్తే వేసవి మధ్యాహ్నం నిండు బరువుతో శృంగవరపుకోట నుంచి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు బేరింగుల దగ్గర మిగులు బలం తగ్గిపోతుంది. గ్రేడు చూసి కొనడం కన్నా ఆమోదం చూసి కొనడం ముఖ్యమని నేను పట్టుబట్టడానికి ఇదే కారణం. ఆమోదంలో ఈ బలం పరీక్షే కాక పిస్టన్ మీద మసి, గొలుసు అరుగుదల, రబ్బరు సీళ్ల మీద ప్రభావం వంటివి అనేకం పరీక్షించి ఉంటారు. గ్రేడు వాటిలో దేని గురించీ చెప్పదు.

సరే, 3.7 ఉన్న 50 గ్రేడు ఇంకా బలమైనదే కదా, పోస్తే నష్టమేమిటి అని మీ మెకానిక్ గారు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. మీ ఇంజన్‌లో ఆయిల్ కేవలం తడి చేయడానికి లేదు. కామ్ షాఫ్ట్ కోణాన్ని ముందుకు వెనుకకు జరిపేది ఆయిల్ ఒత్తిడే. టైమింగ్ గొలుసును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌కు బలం ఆయిల్ ఒత్తిడే. పిస్టన్ల అడుగుభాగాన సన్నని జెట్ల ద్వారా చిమ్మి వాటిని చల్లబరిచేది ఆయిలే. ఇంజన్ వేగాన్ని, భారాన్ని బట్టి పంపు రెండు ఒత్తిడి స్థాయిల మధ్య మారుతుంది, ఆ మార్పును కంప్యూటరు నియంత్రిస్తుంది. కనుక చిక్కటి ఆయిల్ పోస్తే ప్రెషర్ పెరుగుతుందన్న పాత లెక్క ఇక్కడ పనిచేయదు. పంపు ఒత్తిడిని పరిమితం చేస్తుంది, ప్రవాహం మాత్రం తగ్గుతుంది. వేడిని మోసుకుపోయేది ప్రవాహమే గాని ఒత్తిడి కాదు. స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో గొలుసు టెన్షనర్‌కూ టర్బోకూ ఆయిల్ ఆలస్యంగా చేరడం మరో నష్టం. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దానికి ఆధారం ఆయిల్ పొర ఒక్కటే.

దీనికి తోడు 20డబ్ల్యూ-50గా మన ఊళ్లలో దొరికేవి చాలావరకు ఖనిజ ఆయిళ్లు. పెట్రోలు టర్బోలో ఎగ్జాస్ట్ వేడి 900 డిగ్రీలు దాటగలదు. బండి ఆపగానే టర్బో బేరింగులో నిలిచిపోయిన ఆయిల్ ఆ వేడికి మాడి బొగ్గుగా గట్టిపడకుండా ఉండాలంటే మంచి సింథటిక్ ఆయిల్ కావాలి. హైవే మీద గట్టిగా నడిపి వచ్చి మడపాం దగ్గర టీ కోసం ఆపినప్పుడు, చివరి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి ఆపండి, లేదా ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచి ఆపండి. ఇంజన్ ఆగిన తరువాత కూడా నీటిని తిప్పే చిన్న విద్యుత్ పంపు ఇలాంటి కార్లలో ఉంటుంది, అయినా ఈ అలవాటు మంచిదే.

పది, అరవై అంకెల రేసింగ్ ఆయిల్‌కు కూడా ఒక వంశం ఉంది. బీఎండబ్ల్యూ తన ఎం శ్రేణిలోని కొన్ని ఇంజన్లకు, ఉదాహరణకు పాత ఎం3, ఎం5 కార్లలోని అధిక వేగపు ఇంజన్లకు, 10డబ్ల్యూ-60నే నిర్దేశించింది. ఆ ఇంజన్ల బేరింగులను, పంపులను ఆ ఆయిల్‌కు తగ్గట్టు రూపొందించారు గనుక అక్కడ అది సబబు. అప్పటినుంచి ‘పెద్ద అంకె అంటే పెద్ద కారు’ అన్న భ్రమ దుకాణాల్లో స్థిరపడిపోయింది. అసలైన రేసింగ్ ఆయిళ్ల సంగతి వేరు. అవి కొద్ది గంటల పరుగు కోసం చేసినవి, తరువాత వాటిని దించేస్తారు. మసిని కడిగే రసాయనాలు వాటిలో తక్కువగా, అరుగుదలను ఆపే జింకు, ఫాస్ఫరస్ ఎక్కువగా ఉంటాయి. ఆ ఫాస్ఫరస్ ఎక్కువైతే పొగను శుద్ధిచేసే కెటాలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. రేస్ ట్రాక్ కావాలంటే మీరు చెన్నై దగ్గర ఇరుంగట్టుకొట్టై దాకా వెళ్లాలి, మన హైవే మీద కార్లకు వేగ పరిమితి గంటకు 100 కిలోమీటర్లు. గంటసేపు ఆయిల్‌ను 130 డిగ్రీల పైన ఉంచే పరిస్థితి మీ ప్రయాణంలో ఎక్కడా రాదు. దుకాణదారుకు ఆ డబ్బా మీద లాభం ఎక్కువన్నది నా అనుమానం మాత్రమే, అనుమానంగానే ఉంచండి.

మీ బావమరిది చెప్పిన 0డబ్ల్యూ-20 విషయం క్లుప్తంగా చెబుతాను. ఫోక్స్‌వాగన్ సమూహం ఆ గ్రేడును 508 00 అనే ఆమోదంతో, దానికోసమే రూపొందించిన కొత్త ఇంజన్లలో వాడుతుంది. గుర్తు తెలియడానికి ఆ ఆయిల్‌కు ఆకుపచ్చ రంగు కలుపుతారు. బేరింగుల దగ్గరి బలం అందులో కనీసం 2.6 మాత్రమే, పాత ఇంజన్లలో పోయకూడదని తయారీదారే చెబుతున్నాడు. ఒకటి రెండు శాతం పెట్రోలు మిగులు కోసం మీ ఇంజన్‌ను పణంగా పెట్టకండి.

ఇక 502 00 మేలా, 504 00 మేలా? రెండూ సరైనవే, నా మొగ్గు మొదటిదాని వైపు. 504 00 అనేది విరామం ఎక్కువగా ఉండే సర్వీసు పద్ధతి కోసం, గంధకం బాగా తక్కువ ఉన్న పెట్రోలు దొరికే దేశాల కోసం పుట్టిన ఆయిల్. పెట్రోలులోని గంధకం మండినప్పుడు ఆమ్లాలు పుడతాయి, వాటిని విరగ్గొట్టే క్షార గుణం ఆ ఆయిల్‌లో కొంత తక్కువ. మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 పెట్రోలు వచ్చాక గంధకం పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు దిగింది, అంతకుముందు బీఎస్-4లో అది 50 పాళ్లు. కాబట్టి మునుపున్న ఇబ్బంది ఇప్పుడు లేదు. అయినా త్వరగా మార్చే అలవాటు ఉన్నవారికి, చిన్న ప్రయాణాలు ఎక్కువగా ఉన్నవారికి క్షార గుణం దండిగా ఉన్న 502 00 నిబ్బరంగా ఉంటుంది, ధర కూడా సాధారణంగా తక్కువే, దొరకడమూ సులభం.

దానితో పాటు డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ (అమెరికా పెట్రోలియం సంస్థ నిర్ణయించిన ఆయిల్ నాణ్యతా స్థాయి) అన్న గుర్తు కూడా ఉన్నదాన్ని ఎంచుకోండి. 2020లో వచ్చిన ఈ స్థాయికి ఒక ప్రత్యేకత ఉంది. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే టర్బో ఇంజన్లలో, తక్కువ వేగం, ఎక్కువ భారం ఉన్నప్పుడు, స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఉంది. ఇది పిస్టన్‌ను పగలగొట్టగలదు. ఆయిల్‌లో కాల్షియం ఆధారిత రసాయనాలు ఎక్కువైతే ఈ బెడద పెరుగుతుందని తేలడంతో వాటిలో కొంత భాగాన్ని మెగ్నీషియంతో మార్చి కొత్త ఆయిళ్లు చేశారు. ఎస్‌పీలో దీనికి పరీక్ష ఉంది. ఆయిల్ ఎంత మంచిదైనా ఘాట్ రోడ్డు మీద గేర్లను చేత్తో మార్చే పద్ధతిలో పెట్టి, పై గేరులోనే ఉంచి, పదిహేను వందల చుట్ల దగ్గర యాక్సిలరేటరును అడుగంటా తొక్కకండి. ఒక గేరు దించి తొక్కండి.

డబ్బా మీది మాటలను కొంచెం అనుమానంగా చదవండి. ‘ఆమోదం పొందినది’ అని రాయడం వేరు, ‘ఆ ప్రమాణానికి తగినది’, ‘ఆ ప్రమాణం అడిగే కార్లలో వాడదగినది’ అని రాయడం వేరు. మొదటిది కారు కంపెనీ పరీక్షించి ఇచ్చినది, తక్కినవి ఆయిల్ కంపెనీ తన గురించి తాను చెప్పుకున్నవి. ‘ఫుల్లీ సింథటిక్’ అన్న అక్షరాల మీద కూడా భారం వేయకండి. ముడిచమురును బాగా శుద్ధిచేసిన ఆయిల్‌ను కూడా సింథటిక్ అని అమ్ముకోవచ్చని 1999లో అమెరికాలో మొబిల్, కాస్ట్రాల్ కంపెనీల వివాదంలో తీర్పు వచ్చినప్పటినుంచి ఆ పేరు కింద రెండు మూడు రకాల ఆయిళ్లు చెలామణీ అవుతున్నాయి. వాటిలో చాలా మంచివి ఉన్నాయి, అందుకే మళ్లీ ఆమోదం దగ్గరికే రావలసి వస్తుంది.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలన్న ప్రశ్నకు కంపెనీ లెక్క 15,000 కిలోమీటర్లు లేదా ఒక ఏడాది. నేను దాన్ని సగానికి తగ్గించమనడానికి కారణం మీ హైవే ప్రయాణాలు కావు. విశాఖ దాకా ఏకధాటిగా వెళ్లి రావడం ఆయిల్‌కు సుఖమైన పని. కష్టమంతా పలాస, కాశీబుగ్గల మధ్య రెండేసి కిలోమీటర్ల తిరుగుళ్లలో ఉంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చిమ్మిన పెట్రోలులో కొంత ఆవిరి కాకుండా సిలిండర్ గోడల వెంట కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. మండినప్పుడు పుట్టిన నీటి ఆవిరి కూడా లోపలే చెమ్మగా మిగులుతుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, దానికి నీటిని పట్టుకునే గుణం ఉంది. ఆయిల్ బాగా వేడెక్కితే ఇవన్నీ ఆవిరై పోతాయి, వేడెక్కకముందే బండి ఆపేస్తే పేరుకుంటాయి. పెట్రోలు కలిసిన 40 గ్రేడు ఆయిల్ 30 గ్రేడుగా దిగజారడానికి ఎన్నాళ్లో పట్టదు. నేను 5డబ్ల్యూ-30 కంటే 5డబ్ల్యూ-40 వైపు మొగ్గడానికి ఇది కూడా ఒక కారణం. ఊళ్లో పనులకు వీలైతే స్కూటర్ తీయండి. వీలుకాకపోతే వారానికి ఒకసారైనా అరగంట పాటు ఆగకుండా నడిచే ప్రయాణం ఉండేలా చూసుకోండి, మీకు అది ఎలాగూ ఉంది.

పదిహేను రోజులకొకసారి డిప్‌స్టిక్ చూడండి. సమతలంగా ఉన్న చోట, ఇంజన్ వేడిగా ఉండగా ఆపి, ఆయిల్ కిందికి దిగడానికి కొన్ని నిమిషాలు ఆగి చూడాలి. ఆయిల్ నల్లబడటం జబ్బు కాదు, మసిని తనలో పట్టి ఉంచుతోందని దాని అర్థం. మట్టం తగ్గడం అందరూ గమనిస్తారు, పెరగడాన్ని ఎవరూ పట్టించుకోరు. పోయకుండానే మట్టం పెరిగి, పెట్రోలు వాసన వస్తే కిలోమీటర్ల లెక్క చూడకుండా మార్చేయండి. మట్టం తగ్గుతూ ఉంటే మాత్రం, ఈ సమూహపు పుస్తకాల ప్రకారం వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా ఖర్చు కావచ్చునట. అది నా దృష్టిలో కొంచెం ఉదారమైన లెక్క. మీ ఇంజన్ అంతకు దగ్గరగా తింటోందని తేలితే, చిక్కటి ఆయిల్ పోసి దాచిపెట్టకుండా, ముందు క్రాంక్‌కేస్ గాలిని వెనక్కి పంపే పీసీవీ వాల్వును పరీక్ష చేయించండి. ఈ ఇంజన్ల కుటుంబంలో అందులోని పలుచని పొర చిరగడం తరచుగా కనిపించే లోపం, అది చవకగా పోయే మరమ్మతు.

రీమ్యాప్ చేయించిన తరువాత ఆయిల్ రకం మార్చనవసరం లేదు, అదే 502 00 ఆమోదం ఉన్న 5డబ్ల్యూ-40 సరిపోతుంది. ఈ ఇంజన్లలో తొలి స్థాయి రీమ్యాప్‌తోనే యాభై హార్స్‌పవర్‌కు పైగా పెరగడం మామూలు. ఆ అదనపు బలంతో పాటు టర్బో వేడి, సిలిండర్ ఒత్తిడి, ఆయిల్‌లో కలిసే పెట్రోలు కూడా పెరుగుతాయి. అందువల్ల మార్చే విరామాన్ని 5,000 కిలోమీటర్లకు తగ్గించండి. 10డబ్ల్యూ-60 పోసి పదివేలు నడపడం కన్నా సరైన ఆయిల్‌ను ఐదువేలకు మార్చడం మేలు, ఖర్చు కూడా పెద్దగా తేడా రాదు. నన్నడిగితే, పాత యజమాని చేతిలో ఏ ఆయిల్ తాగిందో తెలియని బండిని ముందు ఒక ఏడాది ఇలా చూసుకుని, అది ఆయిల్ తినడం లేదని నిర్ధారించుకున్నాకే రీమ్యాప్ మాట ఎత్తండి. చరిత్ర తెలియని కారు కనుక ఈసారి పోసిన ఆయిల్‌ను 3,000 కిలోమీటర్లకే దించేసి, మళ్లీ కొత్తది పోయించండి. లోపల పేరుకున్న మురికి ఏదైనా ఉంటే కొత్త ఆయిల్ దాన్ని నెమ్మదిగా కడిగి తెస్తుంది. వేడి ఇంజన్‌లో పోసి పది నిమిషాల్లో కడిగేసే ఫ్లషింగ్ ద్రవాల జోలికి పోవద్దు. ఊడిన మురికి ముద్దలు పంపు జల్లెడకు అడ్డం పడవచ్చు. ఆయిల్‌లో కలిపే సీసా మందులూ అక్కరలేదు, కావలసిన రసాయనాలన్నీ కొలత ప్రకారం అందులోనే ఉన్నాయి.

కొనేటప్పుడు నకిలీ సరుకు పట్ల జాగ్రత్త అవసరం. పేరున్న కంపెనీల ఖాళీ డబ్బాలలో పాత ఆయిల్‌ను వడగట్టి పోసి అమ్మే వ్యాపారం మన రాష్ట్రంలోనే కాదు, దేశమంతటా ఉంది. కంపెనీ అధీకృత డీలరు దగ్గరో, కారు సర్వీసు కేంద్రం విడిభాగాల కౌంటరులోనో బిల్లుతో తీసుకోండి. మూత సీలు, డబ్బా మీద తయారీ తేదీ, బ్యాచ్ నంబరు చూడండి. మీ ఇంజన్‌కు ఫిల్టరుతో కలిపి సుమారు 5.7 లీటర్లు పడుతుంది కనుక ఐదు లీటర్ల డబ్బా ఒకటి, లీటరువి రెండు తీసుకుంటే మధ్యలో కలపడానికి కొంత మిగులుతుంది. గరిష్ఠ గీతను మించి పోయనివ్వకండి, ఎక్కువైతే క్రాంక్ షాఫ్ట్ చిలికి నురుగు చేస్తుంది. ఆయిల్‌తో పాటు అసలు కంపెనీ ఫిల్టరు కొనండి. ఈ తరం ఇంజన్లలో కొన్నింటికి ఆయిల్ ట్రే, డ్రెయిన్ ప్లగ్ ప్లాస్టిక్‌వి ఉంటాయి, ఆ ప్లగ్‌ను ప్రతిసారీ కొత్తది వేయాలి, పానాతో బలం చూపకూడదు. గేర్‌బాక్స్ సంగతి అడగలేదు గాని చెప్పడం అవసరం. మీ కారులోని ఆరు గేర్ల డీఎస్‌జీకి దాని ప్రత్యేకమైన ఆయిల్, ఫిల్టరు ఉన్నాయి, వాటిని 60,000 కిలోమీటర్లకు మార్చాలి. బండి ఆ లెక్క దాటి ఉంటే, మార్చిన రశీదు లేకుంటే, ఇంజన్ ఆయిల్‌తో పాటు అదీ చేయించండి.

ఇన్ని చెప్పానని మీ మెకానిక్ గారిని మార్చుకోనవసరం లేదు. ఆయిల్, ఫిల్టరు, ప్లగ్ మీరు తెచ్చి ఇస్తే పని ఆయన చేతనే చేయించవచ్చు. దించిన ఆయిల్‌ను కాలువలోనో, కొబ్బరితోట గట్టునో పారబోయకుండా, కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోకే పట్టి, వాడిన ఆయిల్‌ను తీసుకునే అనుమతి ఉన్న వ్యాపారికి లేదా సర్వీసు కేంద్రానికి అప్పగించమనండి. ఖాళీ డబ్బాలను మాత్రం షెడ్డులో వదలకుండా, అడుగున మేకుతో బెజ్జం పెట్టి మరీ పారవేయండి.